బీపీ మాత్ర డోసు పెంచాలా, రెండోది కలపాలా? ఏ మందు ఎవరికి

ప్రశ్న క్లుప్తంగా ఇది. 52 ఏళ్ల వ్యక్తికి ఇంట్లో చూసుకున్న సగటు బీపీ 158/98 ఉండగా అమ్లోడిపిన్ 5 మి.గ్రా. మొదలుపెట్టారు. ఆరు వారాలయ్యాక సగటు 146/92 దగ్గర ఆగింది. సాయంత్రమయ్యేసరికి చీలమండలు వాస్తున్నాయి. షుగరు లేదు, గుండె జబ్బు లేదు. డోసు 10కి పెంచాలా, మాత్ర మార్చాలా, అసలు అన్నిటికన్నా మంచి బీపీ మాత్ర ఏది?

అన్నిటికన్నా మంచి మాత్రంటూ ఒకటి లేదు. మిగతా రెండింటికీ నా సమాధానం: 10కి పెంచొద్దు, అమ్లోడిపిన్ మానేయనూ వద్దు. 5 అలాగే ఉంచి, టెల్మిసార్టన్ 40 లాంటి రెండో రకం మందు చేర్చడం మేలు. రెండూ కలిసిన ఒకే మాత్ర దొరికితే ఇంకా మంచిది. అయితే చేర్చేముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె), పొటాషియం చూసి ఉండాలి. రాసేది మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే. ఆయన ఏ లెక్కన ఎంచుకుంటారో, మీరు ఏమేం అడగాలో ఇక్కడ చెబుతున్నాను.

డోసు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు. బీపీ మందుల విషయంలో రోగులే కాదు, రాసేవాళ్లు కూడా తరచూ మరిచే సంగతి ఇదే. 2003లో 354 ట్రయల్స్‌ను, అంటే రోగుల మీద మందులను పరీక్షించిన అధ్యయనాలను, కలిపి లెక్కకట్టినప్పుడు, ఒక మందు పూర్తి డోసు పై అంకెను సగటున 9 పాయింట్లు దించితే, అందులో సగం డోసు 7 పాయింట్లు దించింది. అంటే రెండో సగం మింగినందుకు దక్కేది 2 పాయింట్లే. 2009లో 42 ట్రయల్స్‌తో వచ్చిన ఇంకో విశ్లేషణ, ఉన్న మందు డోసు రెట్టింపు చేయడం కన్నా వేరే రకం మందు కలిపితే అదనంగా దిగే బీపీ సుమారు ఐదు రెట్లు ఉంటుందని తేల్చింది. దుష్ప్రభావాలు మాత్రం చాలా మందులకు డోసుతో పాటే పెరుగుతాయి.

మీకు కనిపిస్తున్న వాపే దీనికి ఉదాహరణ. అమ్లోడిపిన్ తయారీదారు సమాచారపత్రంలోనే లెక్క ఉంది: 2.5 మి.గ్రా. వాడినవాళ్లలో 1.8 శాతానికి, 5 వాడినవాళ్లలో 3 శాతానికి, 10 వాడినవాళ్లలో 10.8 శాతానికి వాపు వచ్చింది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. ఎందుకొస్తుందో తెలిస్తే ఏం చేయాలో కూడా తెలుస్తుంది. ఈ మందు సన్న ధమనులను వెడల్పు చేస్తుంది గానీ, రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరల వైపు అంతగా పనిచేయదు. లోపలికొచ్చే దారి వెడల్పయి, బయటికెళ్లే దారి అలాగే ఉండటంతో మధ్యలోని కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి, నీరు బయటి కణజాలంలోకి ఊరుతుంది. నిలబడి ఉన్నంతసేపూ అది చీలమండల దగ్గర చేరుతుంది, రాత్రి పడుకుంటే తగ్గుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి ఫ్యూరోసెమైడ్ లాంటి నీటి మాత్ర వేసినా పెద్దగా లాభం ఉండదు. వాపు చూసి నీటి మాత్ర, దాంతో పొటాషియం తగ్గితే పొటాషియం సిరప్, అలా మందుకు మందు తగిలించుకుంటూ పోయిన చీటీలు బోలెడు కనిపిస్తాయి. టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటివి సిరల వైపు కూడా కాస్త వదులు చేస్తాయి, అందుకే అవి చేర్చాక ఈ వాపు చాలామందిలో తగ్గుతుంది. రెండు నెలలైనా తగ్గకపోతే అమ్లోడిపిన్‌ను 2.5కి దించవచ్చు, లేదా అదే కుటుంబంలో వాపు తక్కువ తెచ్చే సిల్నిడిపిన్, లెర్కానిడిపిన్‌లలో ఒకదానికి మారవచ్చు. ఒక్క కాలే వాస్తే, నొప్పి ఉంటే, ఆయాసం తోడైతే, ఉదయం లేచేసరికే ముఖం కూడా ఉబ్బి ఉంటే అది మాత్ర వాపని అనుకోకూడదు. రక్తం గడ్డ, గుండె, కిడ్నీ మూడూ చూడాలి.

ముందు అంకెలు నిజమైనవో కాదో తేల్చుకోండి. వరుసగా ఏడు రోజులు, ఉదయం మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, రాత్రి పడుకునేముందు రెండుసార్లు, ఒక్కో కొలతకూ మధ్య నిమిషం ఎడం ఇచ్చి చూడాలి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావి సగటు తీయాలి. ఇంట్లో సగటు 135/85 దాటితే అది ఆసుపత్రిలో 140/90తో సమానం. కూర్చుని, వీపు ఆనించి, కాలిమీద కాలు వేసుకోకుండా, చేయి గుండె ఎత్తులో బల్లమీద పెట్టి, ఐదు నిమిషాలు మౌనంగా ఉన్నాకే కొలవాలి. అరగంట ముందు నుంచీ కాఫీ, పొగ వద్దు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. చేయి లావుగా ఉండి పట్టీ చిన్నదైతే అంకె తప్పకుండా ఎక్కువ చూపిస్తుంది. లేని బీపీకి మాత్రలు పెరగడానికి ఇదొక పెద్ద కారణం. మొదటిసారి రెండు చేతులకూ చూడండి, ఎక్కువ వచ్చిన చేతికే ఆ తర్వాత ఎప్పుడూ చూడాలి.

ఇక మందులు. వేరే కారణం ఏదీ లేనివాళ్లకు మొదటి వరుసలో నాలుగు రకాలున్నాయి. ఒకటి, రక్తనాళాలను వదులు చేసే కాల్షియం ఛానల్ బ్లాకర్లు: అమ్లోడిపిన్ 2.5 నుంచి 10 మి.గ్రా. వరకు రోజుకొకసారి, లేదా నిఫెడిపిన్‌లో నెమ్మదిగా విడుదలయ్యే రకం. రెండు, ఏస్ ఇన్హిబిటర్లు, అంటే పేరు చివర ప్రిల్ ఉన్నవి: రామిప్రిల్ 2.5 నుంచి 10, లిసినోప్రిల్ 10 నుంచి 40, ఎనలాప్రిల్ 5 నుంచి 40 (ఇది చాలామందికి రోజుకు రెండుసార్లు కావాలి). మూడు, ఏఆర్‌బీలు, పేరు చివర సార్టన్ ఉన్నవి: టెల్మిసార్టన్ 40 నుంచి 80, లోసార్టన్ 50 నుంచి 100, ఓల్మిసార్టన్ 20 నుంచి 40, వల్సార్టన్ 80 నుంచి 320. నాలుగు, థయజైడ్ తరహా నీటి మాత్రలు: క్లోర్‌థాలిడోన్ 12.5 నుంచి 25, ఇండాపమైడ్ నెమ్మదిగా విడుదలయ్యేది 1.5, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 నుంచి 25.

వీటిలో ఏది గొప్పదో తేల్చడానికే పెట్టిన పెద్ద ట్రయల్ ఆల్‌హ్యాట్. 33,357 మందితో సాగి 2002లో ఫలితాలు ఇచ్చింది. క్లోర్‌థాలిడోన్, అమ్లోడిపిన్, లిసినోప్రిల్ మూడింటిలో గుండెపోట్లు, గుండెజబ్బు మరణాలు దాదాపు సమానమే. హార్ట్ ఫెయిల్యూర్ (గుండె సరిపడా రక్తాన్ని పంప్ చేయలేకపోవడం) మాత్రం క్లోర్‌థాలిడోన్ వాడినవాళ్లలో తక్కువ. అదే ట్రయల్లో నాలుగో మందు డాక్సాజోసిన్. దానిలో హార్ట్ ఫెయిల్యూర్ కేసులు ఎక్కువ కనబడి, ఆ భాగాన్ని ముందే ఆపేశారు. అందుకే ప్రజోసిన్, డాక్సాజోసిన్ వంటి ఆల్ఫా బ్లాకర్లు నేటికీ మొదటి మందు కావు. ప్రోస్టేట్ పెరిగి మూత్రం ఇబ్బందిగా ఉన్న పెద్దవాళ్లకు మాత్రం అదనపు మందుగా రెండిందాలా పనికొస్తాయి. రాత్రి లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం వీటితో ఉంది, మొదటి డోసు పడుకునేముందే వేసుకోవాలి.

నాలుగూ దాదాపు సమానమే అయినప్పుడు ఎంపిక తేలేది మీ ఒంట్లో ఇంకేముందన్న దాన్నిబట్టి. డాక్టరు పక్కన కూర్చుని చూస్తే ఆలోచన నడిచేది ఇలాగే.

మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా? పోతుంటే, షుగరున్నా లేకపోయినా, ప్రిల్ లేదా సార్టన్ తప్పనిసరిగా ఉండాలి, అదీ తట్టుకున్నంత ఎక్కువ డోసులో. డోసు పెంచకూడదన్న మాటకు ఇదొక మినహాయింపు, ఎందుకంటే ఇక్కడ లక్ష్యం బీపీ ఒక్కటే కాదు, కిడ్నీ కూడా. షుగరుండి మూత్రంలో ఆల్బుమిన్ లేనివాళ్లకు నాలుగు రకాల్లో ఏదైనా సరే.

గుండెపోటు వచ్చిందా, ఛాతీనొప్పి ఉందా, గుండె పంపింగ్ తగ్గిందా? అప్పుడు గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లకు చోటుంది. పంపింగ్ తగ్గినవాళ్లకు మెటోప్రొలాల్ సక్సినేట్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ ఆయుష్షును పెంచే మందులు. వాళ్లకు గుండె వేగాన్ని కూడా తగ్గించే కాల్షియం ఛానల్ బ్లాకర్లు వెరపమిల్, డిల్టియాజెమ్ ఇవ్వకూడదు. ఈ కారణాలేవీ లేని మామూలు బీపీకి అటెనొలాల్ అనే బీటా బ్లాకర్‌తో మొదలుపెట్టడం పాత పద్ధతి. 2002లో లైఫ్ ట్రయల్‌లో లోసార్టన్‌తో పోల్చితే అటెనొలాల్ వాడినవాళ్లకు పక్షవాతం ఎక్కువ వచ్చింది. 2005లో ఆస్కాట్ ట్రయల్‌లోనూ అమ్లోడిపిన్‌తో మొదలైన పద్ధతి ముందు అది వెనకబడింది. అయితే ఏళ్ల తరబడి అటెనొలాల్ వాడుతున్నవాళ్లు ఇది చదివి రేపే ఆపేయకండి. హఠాత్తుగా మానేస్తే గుండె వేగం ఎగసి, ఛాతీనొప్పి, గుండెపోటు దాకా వెళ్లొచ్చు. ఒకటి రెండు వారాల్లో మెట్లుమెట్లుగా దించాలి. ఆస్తమా ఉన్నవాళ్లకు బీటా బ్లాకర్లు అసలే ఎంపిక కావు.

గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచే జబ్బు) ఉందా? థయజైడ్ యూరిక్ యాసిడ్ పెంచుతుంది, కాబట్టి దూరం. లోసార్టన్ కొద్దిగా తగ్గిస్తుంది, ఈ గుణం మిగతా సార్టన్లలో లేదు. మాటిమాటికీ కిడ్నీలో కాల్షియం రాళ్లు వచ్చేవాళ్లకు, ఎముకలు పలచబడినవాళ్లకు థయజైడ్ వైపు మొగ్గవచ్చు, అది మూత్రంలో కాల్షియం పోకుండా ఆపుతుంది. ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో ఒంటరిగా వాడితే ప్రిల్, సార్టన్ల ప్రభావం తక్కువ, అమ్లోడిపిన్ లేదా థయజైడ్‌తో మొదలుపెడతారు. అమ్లోడిపిన్ వల్ల చిగుళ్లు ఉబ్బడం కూడా ఉంటుంది. పళ్ల డాక్టరుకు మీ మాత్రల పేర్లు చెప్పడానికి ఇదే కారణం.

గర్భం దాల్చే వయసులో ఉన్న ఆడవాళ్ల విషయం ఇక్కడ విడిగా చెప్పాలి. ప్రిల్, సార్టన్ రెండూ గర్భంలో నిషిద్ధం. శిశువు కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గిపోతుంది. గర్భం ఆలోచన ఉంటే ముందే లాబెటలాల్, నెమ్మదిగా విడుదలయ్యే నిఫెడిపిన్, మిథైల్‌డోపాలలో ఒకదానికి మారాలి. అనుకోకుండా గర్భం నిలిచిందని తెలిసిన రోజే ప్రిల్ అయినా సార్టన్ అయినా ఆపి డాక్టరును కలవాలి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగే పని కాదిది.

ప్రిల్ మంచిదా, సార్టన్ మంచిదా అన్నది ఇంకో నిత్య ప్రశ్న. బీపీ దించడంలో తేడా లేదు. పదిమందిలో సుమారు ఒకరికి ప్రిల్ వల్ల పొడి దగ్గు వస్తుంది. గొంతులో గిలిగింతలా మొదలై, రాత్రి పడుకుంటే ఎక్కువవుతుంది, దగ్గు సిరప్‌లకు లొంగదు. మొదలుపెట్టిన వారానికే రావచ్చు, నెలలయ్యాకా రావచ్చు. ఆపిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో పోతుంది. ఎక్స్‌రేలు, అలర్జీ మాత్రలు, నెబ్యులైజరు అన్నీ అయ్యాక చీటీలో రామిప్రిల్ ఎవరికో కనబడటం అరుదేమీ కాదు. పెదవులు, నాలుక, గొంతు వాయడం దగ్గుకన్నా చాలా అరుదు, కానీ ప్రాణం తీయగలదు. ఒకసారి అలా అయితే ఆ మనిషికి జీవితంలో మళ్లీ ఏ ప్రిల్ ఇవ్వకూడదు. సార్టన్‌తో దగ్గు దాదాపు ఉండదు, నా ఓటు దానికే. ప్రిల్, సార్టన్ రెండూ కలిపి మాత్రం ఎవరికీ వద్దు. 2008లో ఆన్‌టార్గెట్ ట్రయల్ రామిప్రిల్, టెల్మిసార్టన్ జతను పరీక్షించింది. లాభం ఏమీ పెరగలేదు. కిడ్నీ దెబ్బ, పొటాషియం పెరగడం, బీపీ మరీ పడిపోవడం పెరిగాయి. రెండు వేర్వేరు డాక్టర్ల చీటీలు కలిసినప్పుడు ఈ జత పొరపాటున పడుతుంటుంది, పేర్ల చివర చూసుకోండి.

ప్రిల్ గానీ సార్టన్ గానీ మొదలుపెట్టినా, డోసు పెంచినా, ఒకటి నుంచి రెండు వారాల్లో, ఆలస్యమైతే నాలుగు వారాల్లోపు క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలి. క్రియాటినిన్ కొద్దిగా పెరగడం ఊహించినదే. ఈ మందు కిడ్నీలోని వడపోత గుత్తి మీద ఒత్తిడి దించుతుంది, అందుకే వడపోత కాస్త తగ్గి అంకె పెరుగుతుంది. మొదటి విలువ మీద 30 శాతం దాకా పెరిగితే మందు ఆపక్కర్లేదు. 1.0 ఉన్నది 1.2 అయితే కొనసాగించవచ్చు. 1.0 ఉన్నది 1.5 అయితే ఆపి, ఒంట్లో నీరు తగ్గిందా, నొప్పి మాత్రలు వాడారా, కిడ్నీలకెళ్లే ధమనులు రెండు వైపులా సన్నబడ్డాయా అని వెతకాలి. పొటాషియం 5.5 దాటితే డోసు తగ్గించాలి లేదా ఆపాలి. ఇక్కడ ఒక దొంగదెబ్బ ఉంది: సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీలు మామూలుగా ఉన్నవాళ్లకు బీపీ తగ్గించడానికి అది పనికొస్తుంది. కిడ్నీ జబ్బు ఉండి సార్టన్ లేదా స్పిరోనోలాక్టోన్ (ఒంట్లో పొటాషియాన్ని నిలిపే నీటి మాత్ర) వాడుతున్నవాళ్లకు ప్రమాదం. మూత్రంలో ఇన్ఫెక్షనుకు ఇచ్చే ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్ కూడా పొటాషియాన్ని అలాగే పెంచుతుంది.

నీటి మాత్రలకు దీనికి తిరగబడిన జాగ్రత్త కావాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో సోడియం, పొటాషియం చూడాలి, రెండూ తగ్గుతాయి. సన్నగా ఉన్న వయసు మళ్లిన ఆడవాళ్లలో సోడియం మొదటి రెండు వారాల్లోనే బాగా పడిపోవచ్చు. నీరసం, తికమక మాటలు, మగత, వాంతి వస్తే వయసు మీద తోసేయకుండా సోడియం పరీక్ష చేయించాలి. ఏ థయజైడ్ అన్న చర్చలో చాలాకాలం క్లోర్‌థాలిడోన్ పక్షం బలంగా ఉండేది, ఎందుకంటే అది 40 నుంచి 60 గంటల అర్ధాయువుతో (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) రాత్రంతా పనిచేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ అంతసేపు నిలవదు. 2022లో 65 ఏళ్లు దాటినవాళ్ల మీద రెండింటినీ నేరుగా పోల్చినప్పుడు గుండె ప్రమాదాల్లో తేడా రాలేదు, క్లోర్‌థాలిడోన్‌తో పొటాషియం తగ్గడం మాత్రం ఎక్కువైంది. కాబట్టి హైడ్రోక్లోరోథయజైడ్‌తో బీపీ అదుపులో ఉన్నవాళ్లు మార్చుకోనక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, మూడు మందులకీ లొంగనివాళ్లకు క్లోర్‌థాలిడోన్ లేదా ఇండాపమైడ్ వైపే నా మొగ్గు. కిడ్నీ పనితీరు బాగా తగ్గితే థయజైడ్‌కు పని ఉండదన్నది పాత మాట. 2021లో క్లిక్ ట్రయల్ నాలుగో దశ కిడ్నీ జబ్బులోనూ క్లోర్‌థాలిడోన్ బీపీ దించుతుందని చూపింది, పరీక్షలు దగ్గర దగ్గరగా చేస్తూ వాడాలి.

జతలకు వస్తే, సార్టన్ లేదా ప్రిల్‌తో అమ్లోడిపిన్ అన్నది నాకు నచ్చే మొదటి జత. 2008లో అకాంప్లిష్ ట్రయల్ బెనజెప్రిల్‌కు తోడుగా అమ్లోడిపిన్ ఇచ్చినప్పుడు, హైడ్రోక్లోరోథయజైడ్ ఇచ్చినదానికన్నా గుండె ప్రమాదాలు సుమారు 20 శాతం తక్కువని చూపింది. సార్టన్, థయజైడ్ జత కూడా మంచిదే. ఒకటి పొటాషియం పెంచుతుంది, ఇంకొకటి తగ్గిస్తుంది, రెండూ సర్దుకుంటాయి. బీపీ 160/100 దాటి ఉన్నవాళ్లకు మొదటి రోజే రెండు మందులు తక్కువ డోసుల్లో మొదలుపెట్టడం ఇప్పటి పద్ధతి. మీరు 158/98తో మొదలయ్యారు, అంటే ఒకే మాత్రతో లక్ష్యం చేరడం మొదటి నుంచే కష్టమయ్యే పనే. ఒకే మందుతో నెమ్మదిగా మొదలుపెట్టాల్సినవాళ్లు 80 దాటినవాళ్లు, బలహీనంగా ఉన్నవాళ్లు, లేచి నిలబడితే బీపీ పడిపోయేవాళ్లు. 65 దాటిన ప్రతి ఒక్కరికీ కూర్చుని చూశాక, లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే కొత్త మాత్ర చేర్చేముందు ఆగాలి. 80 దాటినవాళ్లకు మందెందుకని వదిలేయడం కూడా తప్పే. 2008లో హైవెట్ ట్రయల్ 80 దాటినవాళ్లకు ఇండాపమైడ్ ఇచ్చి, అవసరమైతే పెరిండోప్రిల్ చేర్చి, 150/80 లక్ష్యం పెట్టుకుంది. హార్ట్ ఫెయిల్యూర్, మరణాలు రెండూ తగ్గాయి.

వెరపమిల్ లేదా డిల్టియాజెమ్‌ను బీటా బ్లాకర్‌తో కలిపితే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. క్లోనిడిన్ అనే ఇంకో బీపీ మందు రోజూ సరిగ్గా వేసుకోలేనివాళ్లకు ఇవ్వకూడదు, రెండు డోసులు మరిచినా బీపీ ఉవ్వెత్తున లేస్తుంది. హార్ట్ ఫెయిల్యూర్‌కు సాక్యుబిట్రిల్ ఉన్న మాత్ర మొదలుపెట్టేముందు ప్రిల్ ఆపి 36 గంటలు ఆగాలి. అమ్లోడిపిన్ వాడుతున్నవాళ్లకు సింవాస్టాటిన్ 20 మి.గ్రా. దాటకూడదు. కొలెస్ట్రాల్‌కు అదే వాడుతుంటే డాక్టరుకు గుర్తుచేయండి. మానసిక జబ్బుకు లిథియం వాడేవాళ్లకు థయజైడ్, ప్రిల్, సార్టన్ మూడూ రక్తంలో లిథియం మోతాదును పెంచుతాయి.

ఎంత మంచి మందు ఎంచుకున్నా పక్కన ఇంకో మాత్ర పాడుచేస్తుంటే లాభం ఉండదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్ వంటి నొప్పి మాత్రలు ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలిపి బీపీ పెంచుతాయి, ప్రిల్, సార్టన్, నీటి మాత్రల ప్రభావాన్ని దించుతాయి. సార్టన్, నీటి మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిస్తే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్, ఫినైల్‌ఎఫ్రిన్, స్టెరాయిడ్లు, గర్భనిరోధక మాత్రలు, రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్, డిప్రెషన్‌కు వాడే వెన్లాఫాక్సిన్ కూడా బీపీ పెంచే జాబితాలోవే. వాంతులు, విరేచనాలతో నీరు తగ్గిన రోజుల్లో సార్టన్, ప్రిల్, నీటి మాత్ర తాత్కాలికంగా ఆపి, తిని తాగడం మామూలయ్యాక మళ్లీ మొదలుపెట్టే పద్ధతి డాక్టరుతో ముందే మాట్లాడుకుని ఉండాలి.

ఎంత ఆగాలన్నది చాలామందికి తెలియదు. అమ్లోడిపిన్ అర్ధాయువు 30 నుంచి 50 గంటలు. రక్తంలో దాని మోతాదు స్థిరపడటానికే వారం పడుతుంది. ఏ మందైనా, ఏ డోసైనా నాలుగు వారాల తర్వాత సగటు చూసి నిర్ణయించాలి. మూడు రోజులకే తగ్గలేదని మార్చేవాళ్లు చివరికి ఏ మందు పనిచేసిందో కూడా చెప్పలేరు. ఉదయమా రాత్రా అన్న వాదానికి 2022లో టైమ్ ట్రయల్ ముగింపు పలికింది, గుండె ప్రమాదాల్లో తేడా లేదు. మీరు మరిచిపోని వేళే మంచి వేళ. నీటి మాత్ర మాత్రం ఉదయమే వేసుకోండి, లేకపోతే రాత్రంతా లేస్తారు. ఒక డోసు మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు.

ఒక్కసారి 190/110 కనబడి, తలనొప్పి తప్ప ఇంకేమీ లేకపోతే నాలుక కింద నిఫెడిపిన్ చుక్కలు వేసే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. ఇది ప్రమాదం. బీపీ ఒక్కసారిగా పడి పక్షవాతం, గుండెపోటు వచ్చిన సందర్భాలున్నాయి. లక్షణాలు లేని పెద్ద అంకెను మామూలు మాత్రలతో రోజుల్లో, వారాల్లో దించాలి. 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒకవైపు బలహీనత, చూపు మందగించడం, మూర్ఛ ఉంటే మాత్రం ఇంట్లో ఏ మాత్రా ప్రయత్నించకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

లక్ష్యం ఎంత? తట్టుకోగలిగితే ఎక్కువమంది పెద్దలకు 130/80 లోపు. 2015లో స్ప్రింట్ ట్రయల్ 9,361 మందిలో పై అంకెను 120 లోపుకు దించి, గుండె ప్రమాదాలు 25 శాతం తగ్గినట్టు చూపింది. కానీ అందులో షుగరు ఉన్నవాళ్లూ, పక్షవాతం వచ్చినవాళ్లూ లేరు. కొలతలు ప్రశాంతమైన గదిలో, యంత్రంతో, పద్ధతి ప్రకారం తీశారు. బయట హడావిడిగా తీసిన 128 అందులోని 120కి దగ్గరగా ఉండొచ్చు. స్పృహ తప్పడం, కిడ్నీ దెబ్బ, లవణాల తేడాలు కూడా తక్కువ లక్ష్యంతో పెరిగాయి. అందుకే 120 కోసం అందరినీ తరమడం నాకు సమ్మతం కాదు.

సార్టన్ లేదా ప్రిల్, అమ్లోడిపిన్, థయజైడ్ మూడూ తట్టుకున్నంత పెద్ద డోసుల్లో వాడుతున్నా బీపీ లక్ష్యానికి రాకపోతే నాలుగోది చేర్చేముందు ఆగి చూడాలి. నిజంగా రోజూ వేసుకుంటున్నారా? మగవాళ్లలో అంగస్తంభన సమస్య వచ్చి, చెప్పడానికి మొహమాటపడి, మాత్ర తనంతట తానే మానేసినవాళ్లు తక్కువేమీ కాదు. థయజైడ్, పాత తరం బీటా బ్లాకర్లతో ఇది ఎక్కువ, అడిగితే మార్చవచ్చు. ఇంటి అంకెలు మామూలుగా ఉండి ఆసుపత్రిలోనే పెరుగుతోందా? గురక, పగటి నిద్రమత్తు ఉన్నాయా (నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు)? పొటాషియం తక్కువగా ఉందా? ఉంటే అడ్రినల్ గ్రంథి నుంచి ఉప్పును నిలిపే ఆల్డోస్టెరాన్ హార్మోను ఎక్కువ వస్తోందేమో, కిడ్నీ నుంచి వచ్చే రెనిన్‌తో కలిపి రక్తపరీక్ష చేయించాలి. ఇవన్నీ తేలాక నాలుగో మందుగా స్పిరోనోలాక్టోన్ 25 మి.గ్రా. మంచి ఎంపిక. 2015లో పాత్‌వే 2 ట్రయల్ దాన్ని బిసోప్రొలాల్, డాక్సాజోసిన్‌లతో పోల్చి చూసింది, బీపీ ఎక్కువ దించింది స్పిరోనోలాక్టోనే. పొటాషియం 4.5 లోపు, కిడ్నీ పనితీరు బాగుంటేనే మొదలుపెట్టాలి. మగవాళ్లలో రొమ్ము నొప్పి, వాపు వస్తే అదే తరహా మందు ఎప్లెరినోన్‌కు మారవచ్చు.

ఇక మీ విషయం. ఈ వారం ఏడు రోజుల సగటు తీయండి. క్రియాటినిన్, సోడియం, పొటాషియం, షుగరు, కొలెస్ట్రాల్, మూత్రంలో ఆల్బుమిన్, ఈసీజీ ఈ ఏడాదిలో చేయించకపోతే ఇప్పుడే చేయించండి. అన్నీ మామూలుగా ఉంటే అమ్లోడిపిన్ 5, టెల్మిసార్టన్ 40 జత మొదలు. రెండు వారాల్లోపు క్రియాటినిన్, పొటాషియం. నాలుగు వారాలకు మళ్లీ ఏడు రోజుల సగటు. 130/80 లోపుకు రాకపోతే, టెల్మిసార్టన్ 80 చేయడం ఒక దారి, థయజైడ్ 12.5 చేర్చడం ఇంకో దారి. నేనైతే రెండోదాన్నే సూచిస్తాను, కారణం పైన చెప్పిన లెక్కే. బీపీ దారికొచ్చాక మూడు నుంచి ఆరు నెలలకొకసారి డాక్టరును కలవడం, ఏడాదికొకసారి రక్తపరీక్ష సరిపోతాయి.

కొన్ని నెలల తర్వాత బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, సగటు 110 దగ్గరకొచ్చి కళ్లు తిరుగుతుంటే మాత్రలు తగ్గించవచ్చు. ఒకేసారి ఒక మందు మాత్రమే, అది కూడా దుష్ప్రభావం ఎక్కువ ఉన్నదాన్ని ముందు దించాలి. మీ విషయంలో అది అమ్లోడిపిన్, ముందు 2.5కి. ఆపాక బీపీ మళ్లీ పైకి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కాబట్టి తగ్గించిన ప్రతిసారీ నాలుగు వారాల తర్వాత ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి ఇంటి సగటు చూడాలి.